ఐబీఎస్ అనుమానం ఉన్నప్పుడు పరీక్షలు: కౌంటర్ దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు కొత్తపేటలో ఒక ల్యాబ్‌లో పదకొండేళ్లుగా రక్తం తీస్తున్నాను, శాంపిల్ డబ్బాలు ఇస్తున్నాను. కడుపునొప్పి, ఉబ్బరం, పొద్దున లేవగానే మూడు నాలుగుసార్లు బాత్రూమ్‌కి పరుగు. ఈ బాధలతో, ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే పేగు పనిచేసే తీరు గాడి తప్పడం) అనుమానంతో చీటీ పట్టుకుని వచ్చేవాళ్లు రోజూ ఇంచుమించు ఇవే ప్రశ్నలు అడుగుతారు. విజయవాడ సూర్యారావుపేటలో ఇదే పని చేసే నా స్నేహితురాలు అక్కడా ఇవేనంది. డాక్టర్‌గారి ముందు నోరు రానివాళ్లు సూది గుచ్చేటప్పుడు నాతో అన్నీ చెప్పుకుంటారు. వాళ్ల కోసమే ఇది. నేను డాక్టర్ని కాను, మందులు చెప్పను. ఏ పరీక్ష దేనికి, దానికి ఎలా సిద్ధపడాలి, రిపోర్టును ఎలా అర్థం చేసుకోవాలి అన్నంతవరకే రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు

"నాకున్నది ఐబీఎస్సా, మామూలు గ్యాసా?"

మన వైపు పొట్టలో ఏం వచ్చినా గ్యాసే అంటాం. డాక్టర్లు మాత్రం 2016లో వచ్చిన రోమ్-4 అనే కొలమానం చూస్తారు. గత మూడు నెలలుగా వారానికి సగటున ఒక రోజైనా కడుపునొప్పి ఉండాలి. ఆ నొప్పికి తోడు ఈ మూడింటిలో కనీసం రెండు ఉండాలి: విరేచనంతో నొప్పి తగ్గడమో పెరగడమో, వెళ్లే సార్లు మారడం, మలం తీరు మారడం. బాధ మొదలై ఆరు నెలలైనా అయ్యుండాలి. నొప్పి లేకుండా ఉత్త ఉబ్బరం, తేన్పులు మాత్రమే ఉంటే ఈ కొలమానం ప్రకారం అది ఐబీఎస్ కాదు.

"ఐబీఎస్‌కి ఒక టెస్టు ఉంటుంది కదా, అది చేసేయండి"

వారానికి ఒకరైనా ఈ మాటతో వస్తారు. ఐబీఎస్ ఉంది అని చూపించే రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ లేదు. పేగు చూడటానికి బాగానే ఉంటుంది, పనిచేసే తీరే గాడి తప్పుతుంది. అందుకే లక్షణాలు విని డాక్టర్ నిర్ధారిస్తారు. మేం చేసే పరీక్షలన్నీ అలాంటి బాధనే పెట్టే వేరే జబ్బులు లేవని తేల్చుకోవడానికి. ఇది ముందే తెలిస్తే, "ఇన్ని టెస్టులు చేసినా ఏమీ దొరకలేదు" అన్న దిగులు ఉండదు.

"డాక్టర్‌గారి ముందు కూర్చుంటే అన్నీ మర్చిపోతాను. ఏం చెప్పాలి?"

రెండు వారాల పాటు చిన్న పుస్తకంలో రాయండి. ఎన్నిసార్లు వెళ్లారు, ఎలా వచ్చింది, నొప్పి ఎప్పుడు, ఏం తిన్న తర్వాత. మలం తీరు చెప్పడానికి బ్రిస్టల్ చార్ట్ అని ఒకటుంది, ఒకటి నుంచి ఏడు వరకు బొమ్మలతో. ఒకటి మేక పెంటికల్లా గట్టి ఉండలు, నాలుగు మెత్తగా సాఫీగా వచ్చేది, ఏడు పూర్తిగా నీళ్లు. "మూడు రోజులు ఆరు, తర్వాత రెండు రోజులు ఒకటి" అని చెబితే డాక్టర్‌గారికి సగం విషయం అక్కడే తెలిసిపోతుంది.

వాడే మందులన్నీ రాసుకెళ్లండి. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ చాలామందికి విరేచనాలు చేస్తుంది. మెగ్నీషియం ఉన్న గ్యాస్ సిరప్పులు కూడా అంతే. ఐరన్, కాల్షియం బిళ్లలు మలబద్ధకం తెస్తాయి. మందు మార్చగానే బాధ పోయినవాళ్లు, ఒక్క పరీక్ష అవసరం లేకుండా బయటపడినవాళ్లు ఉన్నారు.

మా తమ్ముడికి రెండేళ్లలో నాలుగు స్కానింగులు అయ్యాయి, మూడుసార్లు అమీబా మందుల కోర్సు అయింది. "రాత్రి నిద్రలో లేచి వెళ్లాల్సి వస్తోందా? బరువు తగ్గావా?" అని ఆ రెండేళ్లలో ఎవరూ అడగలేదు. వాడూ చెప్పలేదు. అడగకపోయినా చెప్పండి.

"ఏ లక్షణాలుంటే ఆలస్యం చెయ్యకూడదు?"

మలంలో రక్తం. ప్రయత్నించకుండానే బరువు తగ్గడం. నిద్రలోంచి లేపేసే విరేచనాలు. విడవని జ్వరం. రక్తహీనత. పొట్టలో గడ్డ చేతికి తగలడం. ఇంట్లో దగ్గరివాళ్లకు పెద్దపేగు క్యాన్సర్, పేగుపూత జబ్బులు ఉండటం. 45 దాటాక మొదటిసారిగా ఈ బాధలు రావడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఐబీఎస్ అని సరిపెట్టుకోకూడదు. రక్తం పడితే మొలలేలే అనుకుని ఏడాది గడిపేసినవాళ్లను నేను చూశాను. మొలలే కావచ్చు, కానీ ఆ మాట పరీక్ష చేసిన డాక్టర్ చెప్పాలి, పక్కింటివాళ్లు కాదు.

"వాంతులు విరేచనాలు వచ్చి తగ్గాయి. ఆ తర్వాతే ఇది మొదలైంది. సంబంధం ఉందా?"

ఉండొచ్చు. పేగు ఇన్ఫెక్షన్ తగ్గిపోయాక కొంతమందికి ఐబీఎస్ మిగిలిపోతుంది. కెనడాలోని వాకర్టన్ అనే ఊళ్లో 2000లో తాగునీరు కలుషితమై వేలమంది జబ్బుపడ్డారు. అప్పుడు జబ్బుపడినవాళ్లలో ఐబీఎస్ ఎక్కువగా ఉందని ఆ తర్వాత ఏళ్ల తరబడి చూసినవాళ్లు తేల్చారు. మన గుంటూరులోనూ 2018 మార్చిలో ఆనందపేట వైపు నీళ్లు పాడై అతిసారం ప్రబలింది. అందుకే అలాంటి జబ్బు ఏదైనా చేసి ఉంటే ఏ నెలలో వచ్చిందో, ఏ మందులు వాడారో డాక్టర్‌కి తప్పక చెప్పండి.

"నేరుగా గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికే వెళ్లాలా?"

ప్రమాద లక్షణాలు లేకపోతే ముందు మంచి జనరల్ ఫిజీషియన్ చాలు. మొదటి పరీక్షలు ఆయనే రాస్తారు, అవసరమైతే ఆయనే పంపిస్తారు. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లకు గుంటూరు, విజయవాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రులున్నాయి, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. ఉదయం ఓపీకి పెందలాడే వెళ్లండి, పాత కాగితాలు తీసుకెళ్లండి.

## రక్తం, మోషన్ పరీక్షలు

"మొదట రాసే రక్తపరీక్షలు ఏవి? ఒక్కోటి దేనికి?"

సీబీసీలో, అంటే రక్తకణాల లెక్కలో, రక్తహీనత, తెల్లకణాలు తెలుస్తాయి. హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే పేగులో ఎక్కడైనా రక్తం పోతోందా అన్న ప్రశ్న వస్తుంది. సీఆర్పీ, ఈఎస్ఆర్ ఒంట్లో వాపు ఉందేమో చెబుతాయి. టీఎస్‌హెచ్ థైరాయిడ్‌కి: థైరాయిడ్ తగ్గితే మలబద్ధకం, పెరిగితే విరేచనాలు. షుగర్ పరీక్ష ఎలాగూ ఉంటుంది. విరేచనాలు ఎక్కువగా ఉన్నవాళ్లకు సీలియాక్ జబ్బు (గోధుమ పడక పేగు దెబ్బతినడం) కోసం టీటీజీ ఐజీఏ రాస్తారు. ఆ జబ్బు ఉత్తర భారతంతో పోలిస్తే మన దక్షిణాదిలో తక్కువ, అయినా ఒకసారి చూసుకోవడం మంచిది.

ఇంతే. చాలామందికి ఈ చిన్న చీటీ సరిపోతుంది. పొట్ట బాధకి ఎనభై పరీక్షల ప్యాకేజీ ఎవరైనా అంటగడితే, అందులో పేగుకి సంబంధించినవి ఎన్ని అని అడగండి.

"పరగడుపున రావాలా?"

సీబీసీ, సీఆర్పీ, థైరాయిడ్, టీటీజీలకు అక్కర్లేదు. ఫాస్టింగ్ షుగర్ ఉంటేనే పరగడుపు. మంచినీళ్లు తాగొచ్చు.

"గోధుమలు పడట్లేదేమోనని చపాతీ మానేశాను. ఇప్పుడు టెస్టు చేయించుకోవచ్చా?"

ఆగండి. సీలియాక్ పరీక్ష గోధుమ తింటున్నప్పుడే నిజం చెబుతుంది. మానేసి కొన్ని వారాలైతే జబ్బు ఉన్నా రిపోర్టు నార్మల్ రావచ్చు. మానేశానన్న సంగతి డాక్టర్‌కి చెప్పండి. మళ్లీ ఎన్నాళ్లు తిని రావాలో ఆయనే చెబుతారు. మన ఇళ్లలో రెండు పూటలా అన్నమే కాబట్టి, గోధుమ ఎంత తింటున్నామో మనకే సరిగా తెలియదు. బ్రెడ్డు, బిస్కెట్లు, ఉప్మా రవ్వ, మైదా పూరీ అన్నీ లెక్కలోకి వస్తాయి.

"మోషన్ శాంపిల్ ఎలా తేవాలి? అడగాలంటే సిగ్గుగా ఉంది"

సిగ్గుపడకండి. మాకు ఇది రోజూ చేసే పని. తెచ్చేవాళ్లు పడే యాతన చూసి నాకే బాధేస్తుంది. ఒక పెద్దాయన పెదకాకాని నుంచి ఆటోలో వచ్చారు. కడిగిన హార్లిక్స్ సీసాలో తెచ్చి, దానికి మూడు కవర్లు చుట్టి, పైన న్యూస్‌పేపర్ కట్టి, ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు. సీసా అడుగున కడిగిన నీళ్లు అలాగే ఉన్నాయి. ఆ శాంపిల్ పనికిరాదని చెప్పేసరికి ఆయన ముఖం చూడలేకపోయాను.

ముందురోజే ల్యాబ్‌కి వచ్చి మూతకి చిన్న చెంచా అంటుకుని ఉండే డబ్బా తీసుకోండి. బేసిన్‌లో నీళ్లు తగలకుండా ఒక పాత పేపరో, ప్లాస్టిక్ కవరో పరిచి దాని మీద వెళ్లండి. ముందే మూత్రానికి వెళ్లి రండి, అది కలవకూడదు. హార్పిక్, ఫినాయిల్ అసలు తగలకూడదు. చెంచాతో రెండు మూడు చోట్ల నుంచి తీయండి. జిగటగానో ఎర్రగానో ఉన్న చోటు ఉంటే అక్కడ నుంచి తప్పకుండా తీయండి. డబ్బా నింపక్కర్లేదు, ఉసిరికాయంత చాలు. మూత బిగించి, పేరు, టైము రాయండి.

నీళ్ల విరేచనమైతే అరగంటలోపు మైక్రోస్కోప్ కిందికి వెళ్లాలి, ఆలస్యమైతే కదిలే పరాన్నజీవులు చచ్చిపోయి కనిపించవు. దూరం నుంచి వచ్చేవాళ్లు ల్యాబ్‌లోనే ఇవ్వడం మేలు, బాత్రూమ్ చూపిస్తాం. జియార్డియా లాంటివి రోజూ బయటికి రావు. అందుకే డాక్టర్ మూడు రోజులు మూడు శాంపిల్స్ అడిగితే అది మీ డబ్బు దండుకోవడానికి కాదు.

"రిపోర్టులో అమీబా సిస్టులు అని వచ్చింది. మందు వాడినా మళ్లీ వస్తోంది"

మన ఊళ్లలో ఇది పెద్ద కథ. జబ్బు చేసే అమీబా, ఏ హానీ చెయ్యని దాని జంట మైక్రోస్కోప్ కింద ఒకేలా కనిపిస్తాయి. సిస్టు కనిపించింది కాబట్టి మీ బాధంతా దానివల్లే అని చెప్పలేం. నిజమైన అమీబా జిగట విరేచనాల్లో సాధారణంగా రక్తం, బంక, కడుపు మెలితిప్పడం ఉంటాయి. నెలల తరబడి అదే బాధ, ఆర్‌ఎంపీ దగ్గర అదే కోర్సు మూడోసారి వాడుతుంటే, నాలుగోది మొదలుపెట్టకుండా ఫిజీషియన్‌ని కలవండి.

"కాల్‌ప్రొటెక్టిన్ అంటే ఏంటి? ఖర్చు పెట్టొచ్చా?"

పేగులో వాపు, పుండు ఉంటే అక్కడికి చేరే తెల్లకణాలు విడుదల చేసే ప్రొటీన్ ఇది. మలంలో కొలుస్తారు. గ్రాముకి 50 మైక్రోగ్రాముల లోపుంటే పేగుపూత జబ్బులు ఉండే అవకాశం చాలా తక్కువ. 250 దాటితే కొలనోస్కోపీ (కిందనుంచి గొట్టం వేసి పెద్దపేగుని చూడటం) మాట వస్తుంది. మధ్యలో ఉంటే కొన్నాళ్లాగి మళ్లీ చూస్తారు. చిన్న ల్యాబ్‌లు దీన్ని బయటికి పంపిస్తాయి కాబట్టి రిపోర్టుకి కొన్ని రోజులు పట్టవచ్చు.

నా మాటగా అడిగితే, విరేచనాలతో బాధపడే కుర్రవాళ్లు నాలుగో స్కానింగ్‌కి పెట్టే డబ్బు దీనికి పెడితే మేలు. అయితే ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వాడుతుంటే అంకె పెరగొచ్చు. ఆ సంగతి ముందే చెప్పండి.

"పాలు తాగితే పొట్ట ఉబ్బుతోంది. దానికి టెస్టు ఉందా?"

ఊపిరిలో హైడ్రోజన్ కొలిచే పరీక్ష ఉంది, అన్నిచోట్లా దొరకదు. ముందు ఇంట్లోనే రెండు వారాలు పాలు, టీ, కాఫీ, పాలకోవా ఆపి చూడండి. తేడా తెలిసిపోతుంది. పాలు పడనివాళ్లలో చాలామందికి పెరుగు, మజ్జిగ పడతాయి.

"ఏ తిండి పడదో చెప్పే రక్తపరీక్ష ఉందట, రెండొందల రకాలకి"

ఐజీజీ ఫుడ్ ప్యానెల్ అని అమ్ముతారు. మనం తినే తిండికి ఒంట్లో ఐజీజీ అనే యాంటీబాడీ తయారవడం మామూలే, అది పడలేదనడానికి గుర్తు కాదు. ఆ రిపోర్టు చూసుకుని పప్పు, పెరుగు, గుడ్డు, వంకాయ అన్నీ మానేసి చిక్కిపోయిన అమ్మాయి ఒకసారి మా కౌంటర్ దగ్గరికి వచ్చింది. వద్దు, చేయించుకోకండి.

## స్కానింగ్, ఎండోస్కోపీ, కొలనోస్కోపీ

"స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. జబ్బు లేనట్టే కదా?"

అల్ట్రాసౌండ్‌లో కాలేయం, పిత్తాశయం, కిడ్నీలు, గర్భాశయం బాగా కనిపిస్తాయి. గాలి నిండిన పేగు లోపల ఏముందో సరిగా కనపడదు. అందుకని స్కానింగ్ నార్మల్ అంటే పేగు మొత్తం చూసినట్టు కాదు. అలాగే ఫ్యాటీ లివర్ అనో చిన్న రాయి అనో వస్తే, మీ విరేచనాలకు అదే కారణమని అనుకోకండి. వెతికితే చాలామందిలో కనిపించేవే అవి.

"ఎండోస్కోపీ అయింది కదా, మళ్లీ కొలనోస్కోపీ ఎందుకు?"

నోట్లోంచి వేసే గొట్టం అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు మొదలు వరకే వెళ్తుంది. పెద్దపేగుని చూడాలంటే కిందనుంచి వెయ్యాలి. రెండూ వేర్వేరు దారులు.

"నా వయసు 28. కొలనోస్కోపీ తప్పదా?"

45 లోపు ఉండి, ప్రమాద లక్షణాలేవీ లేక, రక్తం, మోషన్ పరీక్షలు బాగుంటే సాధారణంగా అవసరం లేదు. భయంతో చేయించుకుంటే ధైర్యం వస్తుందని కొందరంటారు. ఆ ధైర్యం ఎక్కువ రోజులు నిలవడం నేను చూడలేదు. డాక్టర్ రాస్తే మాత్రం ఎందుకు రాశారో అడిగి చేయించుకోండి. వాయిదా వెయ్యకండి.

"కొలనోస్కోపీకి ముందు పేగు శుభ్రం చేసే పొడి కలిపి తాగడం నరకం అంటున్నారు. ఎలా సిద్ధపడాలి?"

పరీక్ష ఎంత బాగా జరిగేదీ ఈ తయారీలోనే ఉంది. పేగు శుభ్రం కాకపోతే కెమెరాకి ఏమీ కనపడదు, మళ్లీ ఇంకో రోజు రావాలి.

రెండు మూడు రోజుల ముందు నుంచి తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ, ఉడికించిన గుడ్డు లాంటి పీచు లేని తిండి తినండి. ఆకుకూరలు, జామకాయ, ఉలవలు, నువ్వులు వద్దు. మనవాళ్లు ముఖ్యంగా పచ్చళ్లు ఆపాలి. గుంటూరు మనిషికి మూడు రోజులు పచ్చడి లేకుండా ముద్ద దిగదని తెలుసు. కానీ మిరపగింజలు, టమాటా గింజలు అరగకుండా పేగు గోడకి అంటుకుని ఉండిపోతాయి, గొట్టానికి అడ్డం పడతాయి.

ముందురోజు అన్నీ ద్రవాలే: కొబ్బరినీళ్లు, పంచదార కలిపిన నిమ్మరసం వడకట్టి, పాలు లేని టీ. ఎరుపు రంగు డ్రింకులు తాగకండి, లోపల రక్తంలా కనిపిస్తాయి. పొడిని చెప్పినన్ని నీళ్లలో కలిపి ఫ్రిజ్‌లో పెట్టి, పావుగంటకో గ్లాసు చొప్పున తాగండి. చల్లగా ఉంటే వెగటు తగ్గుతుంది. సగం రాత్రి, సగం తెల్లవారుజామున తాగమంటే అలాగే చెయ్యండి, అంతా ఒకేసారి ముగించకండి. చివరికి పలచని లేత పసుపు నీళ్లలా వస్తే శుభ్రమైనట్టు. బాత్రూమ్ ఉన్న గది మీకోసం ఖాళీగా ఉంచమని ఇంట్లో చెప్పండి.

ఐరన్ బిళ్లలు దాదాపు వారం ముందే ఆపాలి. గుండెకి రక్తం పలచన చేసే మందులు వాడేవాళ్లు సొంతంగా ఆపకండి, డాక్టర్‌ని అడగండి. షుగర్ మందులూ అంతే. తిండి లేకుండా మామూలు డోసు వేసుకుంటే షుగర్ పడిపోతుంది.

"నొప్పి ఉంటుందా? ఒక్కడినే వెళ్లి రావచ్చా?"

మత్తు ఇస్తే చాలామందికి గుర్తే ఉండదు. పరీక్ష ఇరవై నిమిషాల నుంచి ముప్పావుగంట. పేగుకి చిల్లు పడే ప్రమాదం ఉంది, అయితే అది చాలా అరుదు. మత్తు తీసుకున్నాక 24 గంటలు బండి నడపకూడదు. కాబట్టి తోడు ఎవరినైనా తీసుకెళ్లాలి.

వెళ్లేముందు రెండు మాటలు అడగండి. "చిన్నపేగు చివరి భాగం కూడా చూస్తారా అండి?" టీబీ, క్రోన్స్ అనే పేగుపూత జబ్బు ఎక్కువగా అక్కడే ఉంటాయి. "నాకు నీళ్ల విరేచనాలు, పేగు బాగానే కనిపించినా ముక్క తీస్తారా?" మైక్రోస్కోపిక్ కొలైటిస్‌లో పేగు కంటికి నున్నగానే ఉంటుంది, ముక్కను మైక్రోస్కోప్ కింద పెడితేనే తెలుస్తుంది.

"పేగు టీబీ అనుమానం అన్నారు. నాకు దగ్గే లేదు"

ఊపిరితిత్తుల్లో లేకుండా పేగులో మాత్రమే టీబీ రావచ్చు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, కుడివైపు కింద నొప్పి ఉంటే మన దేశంలో డాక్టర్లు దీన్ని తప్పక ఆలోచిస్తారు. ఇది క్రోన్స్ జబ్బులా కనిపిస్తుంది. రెండింటి మందులూ వేరు, ఒకదాని మందు రెండోదానికి కీడు చెయ్యొచ్చు. అందుకే బయాప్సీ (ముక్క తీసి చూడటం), టీబీ క్రిమిని వెతికే జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్ష అంటూ నాలుగు రోజులు ఎక్కువ తీసుకుంటారు. ఓపిక పట్టండి. టీబీ అని తేలితే మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, నయమవుతుంది.

"అమ్మకి 56. కొత్తగా పొట్ట ఉబ్బరం, కొంచెం తినగానే నిండిపోతోంది"

ఆ వయసులో కొత్తగా వచ్చిన ఉబ్బరాన్ని ఐబీఎస్ అనుకోకూడదు. అండాశయం జబ్బు కూడా ఇలాగే మొదలవుతుంది. స్త్రీల డాక్టర్‌కి చూపించి పొత్తికడుపు స్కానింగ్, అవసరమైతే సీఏ-125 రక్తపరీక్ష చేయించండి. అమ్మలు తమంతట తాము అడగరు, మీరే వెంటబెట్టుకుని వెళ్లండి.

## రిపోర్టులు వచ్చాక

"అన్నీ నార్మల్. మరి నొప్పి ఎందుకు? ఇంట్లో అంతా టెన్షనే అంటున్నారు"

రిపోర్టు నార్మల్ అంటే మీ నొప్పి అబద్ధమని కాదు. ఐబీఎస్‌లో పేగు నరాలు మామూలు కదలికనూ, మామూలు గాలినీ నొప్పిగా మెదడుకి చేరవేస్తాయి. టెన్షన్ దాన్ని పెంచుతుంది, నిజమే. కానీ టెన్షన్ పడేవాళ్లందరికీ ఐబీఎస్ రాదు. బస్సెక్కితే మధ్యలో బాత్రూమ్ దొరకదేమోనని గుంటూరు నుంచి విజయవాడకి ఉద్యోగానికి పొద్దున టిఫినే తినకుండా వెళ్లే అమ్మాయి నాకు తెలుసు. మూడేళ్లుగా అంతే. ఆమె బాధకి పేరుంది, తిండి మార్పులున్నాయి, మందులున్నాయి. ఇంట్లోవాళ్లు నమ్మకపోతే ఒకసారి డాక్టర్ దగ్గరికి వాళ్లనూ తీసుకెళ్లండి.

"ఆర్నెల్లకోసారి అన్నీ మళ్లీ చేయించుకోవాలా?"

అక్కర్లేదు. సరైన పరీక్షలు ఒకసారి చేసి ఐబీఎస్ అని తేల్చాక ఆ మాట తర్వాత మారడం అరుదు. కొత్తగా రక్తం పడినా, బరువు తగ్గినా, జ్వరం వచ్చినా, రాత్రిళ్లు లేవాల్సి వచ్చినా అప్పుడు మళ్లీ వెళ్లాలి. ఉన్న బాధే ఎక్కువ తక్కువ అవుతుంటే చికిత్స గురించి మాట్లాడాలి, కొత్త పరీక్షల గురించి కాదు.

"వైద్యసేవ కార్డు మీద ఈ పరీక్షలు జరుగుతాయా?"

ఏ పరీక్ష, ఏ ఆసుపత్రి, ఎందుకు అన్నదాన్ని బట్టి ఉంటుంది. డబ్బు కట్టకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర చీటీ చూపించి అడగండి. కట్టాక అడిగితే లాభం ఉండదు.

"రిపోర్టులు ఎన్నాళ్లు దాచాలి?"

బయాప్సీ, కొలనోస్కోపీ రిపోర్టులు ఎప్పటికీ. మిగతావి తేదీల వరసలో ఒక ఫైలులో పెట్టి, మొదటి పేజీ మీద ఏ నెలలో ఏ పరీక్ష, ఏం వచ్చింది అని ఒక్కో వరస రాయండి. ఫోన్‌లో ఫొటో కూడా తీసుకోండి. మా ప్రింటు కాగితాల మీద సిరా రెండు మూడేళ్లకి వెలిసిపోతుంది.